డ్యూటీ రోజుల కడుపునొప్పి

మెట్రో ఇంకా మా వైపు రాని రోజుల్లో ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సుగా పనిచేసేదాన్ని. బేర్ సరాయ్‌లో ఒంటి గది. ఉదయం డ్యూటీకి బయల్దేరి బస్టాపులో నిలబడేసరికి కడుపులో మెలిపెట్టడం మొదలయ్యేది. మధ్యలో దిగిపోయి పెట్రోలు బంకులో మరుగుదొడ్డి వెతుక్కున్న రోజులున్నాయి. సెలవు రోజున మాత్రం ఏ నొప్పీ ఉండేది కాదు. ఆ తేడా నేను గమనించలేదు. మెస్ తిండి పడటం లేదనుకుని గదిలోనే పెరుగన్నం తిన్నాను. చివరికి డ్యూటీకి ముందు తినడమే మానేశాను.

ఐసీయూలో ఒక్కో నర్సుకు ఇద్దరు పేషెంట్లు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను వదిలి కదలకూడదు. తప్పనిసరైతే పక్క బెడ్ నర్సును చూడమనాలి. ఆమెకూ ఇద్దరున్నారు. ఒకసారి అడగవచ్చు, ఐదుసార్లు అడగలేం.

ఒక ఉదయం రౌండ్స్‌లో పెద్ద డాక్టరు నా పేషెంటు గురించి అడుగుతుండగా నొప్పి వచ్చింది. జవాబు చెప్పకుండా చార్టు మంచం మీద పెట్టి బయటికి నడిచాను. తిరిగొచ్చేసరికి మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ నా బెడ్ దగ్గర నిలబడి చార్టు నింపుతోంది.

ఆవిడది నెల్లూరు. భర్త సైన్యంలో ఉన్నాడు, కాపురం కంటోన్మెంట్ క్వార్టర్స్‌లో. వార్డులో అందరితోనూ హిందీలోనే మాట్లాడేది. ఆ రోజు నన్ను స్టోర్ రూములోకి పిలిచి తెలుగులో అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్టా?"

"ఏడాదిన్నర అయింది సిస్టర్."

"ఇంతమంది డాక్టర్ల మధ్య తిరగతా ఒక్కరికీ చూపించుకోలేదా?"

మర్నాడు ఆవిడే నన్ను కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తం చూశారు, గొట్టం వేసి పేగు చూశారు. అన్నీ నార్మల్ అని వచ్చాయి. అబద్ధమాడి దొరికిపోయినట్టు తల వంచుకుని కూర్చున్నాను.

డాక్టరు కాగితం మీద ఐబీఎస్, అంటే పుండేమీ లేకుండానే పేగు రేగే జబ్బు, అని రాశాడు. "పేగులో పుండు లేదు సిస్టర్. కానీ మీ నొప్పి నిజమైనదే. ఒత్తిడి దాన్ని పెంచుతోంది. ఈ ఆసుపత్రి స్టాఫే నా దగ్గరికి చాలామంది వస్తారు," అన్నాడు.

ఆ వారం నుంచి ఇన్‌ఛార్జ్ సిస్టర్ రెండు గంటలకోసారి ఒక్కో నర్సు బెడ్ల దగ్గర పది నిమిషాలు తనే నిలబడేది. కారణం చెప్పలేదు. మొదటి రోజు ఎవరూ కదల్లేదు. రెండో రోజు నలుగురు ఒకరి వెనక ఒకరు మరుగుదొడ్డికి వెళ్లారు. పక్క బెడ్ నర్సు బ్యాగులో నేను వాడే మాత్రలే కనిపించాయి. ఆమె రెండేళ్లుగా వాడుతోందట. ఇన్నాళ్లూ పక్కపక్కనే నిలబడి ఒకరి నుంచి ఒకరం దాచుకున్నాం.

నొప్పి తగ్గింది గానీ పోలేదు. ఏడాది తర్వాత ఇన్‌ఛార్జ్ సిస్టర్ భర్తకు జబల్‌పూర్ బదిలీ అయింది. కొత్త ఇన్‌ఛార్జ్ ఆ పది నిమిషాలు తీసేసింది. నేను మధ్యలో కదలడానికి వీలుండే డయాలసిస్ యూనిట్‌కు మార్చమని అర్జీ పెట్టాను. కారణం అన్న చోట నా కడుపు జబ్బు సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ఆఫీసులో గుమస్తా అది చదివి, "అచ్ఛా, ఠీక్ హై," అని ముద్ర వేశాడు.