పొయ్యి ముందే వెళ్లిపోయింది

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మేమున్న అద్దె ఇల్లు ఒక పాత మేడ కింద ఒక్క గది. అద్దె గడువు తీరగానే ఆ మేడ పడగొట్టించి అపార్ట్‌మెంట్లు కట్టించాలని యజమాని చూస్తున్నాడు. అదే సమయానికి, వీధులు ఊడ్చే ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ప్రభుత్వం కట్టిన ఇళ్లలో ఒకటి వస్తుందని కబురొచ్చింది. మెలిక ఒక్కటే. మేము చెప్పిన చోటే ఉంటున్నామో లేదో ఒక ఆఫీసరు వచ్చి చూడాలి. లేమని రాసుకున్నాడా, ఆ ఇల్లు ఇంకొకరికి పోతుంది. ఆయన వచ్చి వెళ్లేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదని అందరికీ గట్టిగా చెప్పాను.

చెప్పి ఏం లాభం? మా కోడలికి మూఢం భయం పట్టుకుంది. మూఢంలో ఇల్లు మారకూడదు. అందుకని మా వాళ్లు అంతకుముందే ఒక మంచిరోజు చూసి, చిన్న మూట కట్టి తెలిసినవాళ్లింట్లో పెడతారు. దాన్ని ప్రస్థానం అంటారు. మనిషి తర్వాతెప్పుడు కదిలినా ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. దానికి ఒక చీర, గుప్పెడు బియ్యం చాలు. ఆదివారం నేను బజారుకెళ్లి వచ్చేసరికి ఈవిడ గ్యాస్ పొయ్యి, గిన్నెలు, దేవుడి పటాలు, పరుపులు అన్నీ వ్యాన్ రిక్షా ఎక్కించి పక్క వీధిలో తన అన్న ఇంటికి పంపించేసింది. మంచం ఒక్కటీ గుమ్మంలో పట్టక మిగిలింది.

"ఏటే ఇది? ప్రస్థానమంటే ఇల్లంతా ఊడ్చి పంపేత్తారేటే?"

"రెండోసారి మొయ్యక్కర్నేదు కదత్తా. బాడుగ కలిసొస్తాది."

"నాకాడ నేర్సుకున్న పొదుపు నా నెత్తికే తెచ్చినావన్నమాట!"

ఒక చీర మాత్రం అక్కడే ఉంచి, మిగతావన్నీ మర్నాడు పొద్దున్నే వెనక్కి తెప్పించమన్నాను. ఆ సామాను రాకముందే ఆఫీసరు వచ్చాడు.

చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. గుమ్మంలోనే నిలబడి గది కలియజూశాడు. గోడకి మేకులున్నాయి గానీ పటాలు లేవు. పొయ్యి ఉండాల్సిన చోట నల్లటి మరక ఉంది.

"మాసీమా, ఇక్కడ కాపురం ఉన్నట్టు లేదే! ఈ పూటకని వచ్చి కూర్చున్నారా?" అని బెంగాలీలో అడిగాడు.

కోడలు ఏడుపు మొహంతో మూఢం సంగతి చెప్పబోయింది. అతనికేం అర్థమవుతుంది? కలం తీశాడు. నేను అడ్డం వెళ్లాను.

"రాసే ముందు వీధి కుళాయి దాకా రా బాబూ. అక్కడ ఎవర్నయినా అడుగు."

అక్కడ ఎదురింటి బెంగాలీ ఆవిడ బిందె పెట్టుకుని ఉంది. వరస తప్పించి నీళ్లు పట్టుకుంటుందని నేను ఆవిడతో గొడవ పడని రోజు లేదు. కోడలు నా కొంగు లాగింది.

"ఈవిడ్ని అడిగిత్తావేటత్తా? ఉన్నా నేదనేత్తాది!"

"ఊరుకోయే. తిట్టడానికైనా నిజమే సెప్పాల."

ఆఫీసరు నన్ను చూపించి అడిగాడు. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది.

"ఈ బుడీ ఇక్కడుంటుందా అనా? కుళాయిలో నీళ్లకంటే ముందు ఈవిడ నోరొస్తుంది! మా పిల్లలు అలారం పెట్టుకోవడమే మానేశారు. నిన్న కూడా నా బిందె పక్కకి నెట్టింది. ఇల్లిచ్చి తీసుకుపో బాబా, నీకు పుణ్యముంటుంది!"

వరసలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. బుడీ అంటే ముసలిది. అయినా ఆ పూట నాకు కోపం రాలేదు. ఆఫీసరు నవ్వాపుకుంటూ, మేము ఇక్కడే ఉంటున్నామని రాసుకున్నాడు.

కొన్నాళ్లకి ఇల్లు చేతికొచ్చింది. నాలుగో అంతస్తు. ఇంకా గడువుంది గదా అని మేము నిమ్మళంగా ఉంటే యజమానే పరిగెత్తుకొచ్చాడు.

"మాసీ, ఎలాగూ వెళ్లేవాళ్లే కదా. ముందే ఖాళీ చేస్తే నా పని మొదలవుతుంది."

"ఎల్తాం దాదా. సామాను నీ మనుషుల్తో మోయించు."

సరేనన్నాడు. మూఢంలోనే కదిలాం. ప్రస్థానం పెట్టాం గనక తప్పులేదని కోడలు తేల్చేసింది. మంచాన్ని విప్పి, మోసుకొచ్చి, కొత్తింటి మెట్ల దగ్గర దించి యజమాని మనుషులు చేతులు దులుపుకున్నారు. వెనకే వచ్చిన యజమాని పాత గది తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

"మంచం పైకెక్కాల దాదా," అన్నాను. "ఎక్కి, బిగించి, నేను దాని మీద కూర్సున్నాక ఇత్తాను."