ప్రతివాదికి లిఫ్ట్

మన దేశంలో న్యాయం ఎలా నడుస్తుందో ఈ రోజు నా బండి మీదే తెలుసుకున్నాను, పౌరులారా.

పొలం గట్టు తగాదా వాయిదాకి తాతయ్యని అమలాపురం కోర్టుకి తీసుకెళ్తున్నాను. దారిలో, తాతయ్య ఎవరి మీద కేసు వేశారో ఆ వెంకన్నగారే ఆగిపోయిన బస్సు పక్కన నిలబడి ఉన్నారు.

“బండి ఆపరా,” అన్నారు తాతయ్య.

“ప్రతివాది రాకపోతే గట్టు మనదే కదా, తాతయ్యా.”

“ఆయన మాట వినకుండా తీర్పిస్తే అదేం గెలుపురా? ముందుకి జరుగు. ఎక్కండి, వెంకన్నగారూ.”

“ఆయ్,” అంటూ ఎక్కేశారాయన.

కోర్టులో కేసు మళ్ళీ వాయిదా పడింది. తిరిగొస్తుంటే, ఒకే బండి మీద ముగ్గురేమిటని పోలీసాయన ఆపారు. ఏళ్ల తరబడి ఒక్క మాట మీదకి రాని ఇద్దరూ ఏకకంఠంతో సాక్ష్యం చెప్పారు.

“మేం వద్దంటూనే ఉన్నామండీ. కుర్రాడే ఎక్కించేడు.”

వాళ్లకి వాయిదా, నాకు అక్కడికక్కడే జరిమానా. అప్పీలుకి ఎక్కడికెళ్లాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.