సోలో ఆల్బమ్ మీద నా దండయాత్ర

తెలుగు సినీ సంగీతానికి నేను చేసినంత ద్రోహం ఇంకెవరూ చేసి ఉండరు. అదీ దాన్ని కాపాడబోయి చేశాను. నవ్వుకునేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, కాకపోతే చివరికి కాస్త జాలి మిగల్చండి.

అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటూ ఎమ్మెస్ చదువుతున్న రోజులవి. సీడీలు ఇంకా బతికున్న కాలం. నేనూ, నా రూమ్మేట్ వరంగల్ శ్రీకాంతూ ఒక సంగీత దర్శకుడికి పరమభక్తులం. ఆయన పేరు మాత్రం అడక్కండి. దేవుడి పటం పక్కనే ఆయన ఫోటో ఉండేది. అగరుబత్తి ఇద్దరికీ కలిపి ఒకటే.

యూనివర్సిటీ లైబ్రరీలో నాతో పనిచేసే ఇసబెల్ ఓ సాయంత్రం కార్లో రైడ్ ఇచ్చింది. స్టీరియోలో ఎవడో స్పానిష్‌లో పాడుతున్నాడు. బ్యాండ్ వదిలేసి సోలోగా చేసిన మొదటి ఆల్బమట. మూడో పాట మొదలవగానే ఎగిరి పడ్డాను. అది మా దేవుడి ట్యూను! కొత్త సినిమాలోది! ఆ దరువు, మధ్యలో ఆ ఈల, అన్నీ అవే.

"ఈ పాట మాది. మీవాడు కాపీ కొట్టాడు," అన్నాను.

ఇసబెల్ ముఖం మాడిపోయింది. "అతను సొంతంగా రాసుకున్న పాట ఇది. శనివారం మాల్‌కి వస్తున్నాడు, సీడీల మీద సంతకాలు పెడతాడు. దమ్ముంటే నువ్వే అడుగు."

ఇంటికొచ్చి చెబితే శ్రీకాంత్ రక్తం ఉడికిపోయింది.

"మనోళ్లే కాపీ కొడ్తరని అందరూ అంటరు గద! గిప్పుడు దొరికిండు అసలు దొంగ. సార్ ఇజ్జత్ మనమే కాపాడాలె!"

"సాక్ష్యం ఉండాలి కదరా?"

"మన సీడీ తీస్కపో. బర్న్ చేసింది కాదు, ఒరిజినల్. లేకుంటే మనల్నే దొంగలంటడు."

శనివారం నేను ఇంటర్వ్యూ టై కట్టుకుని మరీ వెళ్లాను. పక్కన శ్రీకాంత్, వెనక ఆ ఆల్బమ్ తాలూకు తన పాత సీడీ పట్టుకుని ఇసబెల్. గంటన్నర క్యూ.

"ఎవరి పేరు మీద సంతకం?" అన్నాడు గాయకుడు మర్యాదగా.

"సంతకం కాదు, సంజాయిషీ కావాలి!" అని నా సీడీ ప్లేయర్, సీడీ కవర్ బల్ల మీద పెట్టి హెడ్‌ఫోన్లు చేతికిచ్చాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాడనుకున్నాను. వాడు భుజాలు ఊపుతూ పాటంతా విన్నాడు.

"చాలా బాగుంది. ఎప్పుడొచ్చింది?"

"లాస్ట్ మంత్! సూపర్ హిట్!" అన్నాడు శ్రీకాంత్ ఛాతీ విరుచుకుని.

గాయకుడు ఇసబెల్ చేతిలోని సీడీ తీసుకుని, వెనక అచ్చయిన సంవత్సరం మీద వేలు పెట్టి చూపించాడు. ఆల్బమ్ వచ్చి మూడేళ్లయింది. అది కొత్తదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేను మొన్న విన్నాను కాబట్టి మొన్నే పుట్టిందనుకున్నాను. అప్పటిదాకా వాడు అన్నవాణ్ని, ఆ క్షణం నుంచి ఆయన అనడం మొదలుపెట్టాను.

"సారీ సర్, మా సీడీ ఇచ్చేస్తే వెళ్లిపోతాం," అన్నాను.

అప్పటికే అది ఆయన పక్కన కూర్చున్న కోటు వేసుకున్నాయన చేతిలో ఉంది.

"ఇది మా దగ్గర ఉండనివ్వండి. నేను వీరి లాయర్‌ని," అన్నాడాయన, కవర్ మీదున్న మా దేవుడి పేరు శ్రద్ధగా రాసుకుంటూ. "ఇంత దూరం వచ్చి మరీ పట్టిచ్చినందుకు థాంక్స్. సాక్షిగా మీ పేరు, ఫోన్ నంబరు?"

నా తరఫున శ్రీకాంత్ గడగడా చెప్పేశాడు, నా ఇంటిపేరుతో సహా.

అందుచేత, సప్తస్వరాల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ భాష పాటలో మన ట్యూన్ వినబడ్డా చెవులు మూసుకుంటాను. చెవులకన్నా ముందు నోరు మూసుకుంటాను.