మాపటి పాలు

మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో, నా షేర్లు అమ్మేద్దామని ఫోన్ తీశాను. కంప్యూటర్ చిప్పులు చేసే ఒక చిన్న కంపెనీవి అవి. పెద్ద కంపెనీ ముందు అది నిలవడం లేదు. పక్క సీట్లో, కాళ్ల దగ్గర దాణా మూట పెట్టుకుని కూర్చున్న చౌడేపల్లె ఆమె ఏంటని అడిగితే చెప్పాను.

"మా ఊర్లో పాల డెయిరీలు రెండుండాయప్పా. పొద్దుటి పాలు పెద్దదానికి పోస్తాను, మాపటి పాలు సిన్నదానికి."

"చిన్నది గెలుస్తుందనా అమ్మా?"

"అది యాడ గెలుస్తాదిలే. మూతపడితే మాత్రం, పెద్దది సెప్పిందే రేటు."

పుంగనూరులో మూట ఎత్తుకుని దిగిపోయింది. నేను అమ్మలేదు.

ఆ షేర్లు ఇప్పటికీ పెరగలేదు. మా ఇంట్లో వాటిని మాపటి పాలు అంటాం.