సాన్పి నీళ్లకు తడవని సాకెట్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఖమ్మంలో కరెంటు సామాన్ల దుకాణాలన్నీ తిరిగిన ఆ రోజు అది ముక్కు దాటి నెత్తికెక్కింది.

మాది చండ్రుగొండ దగ్గర పల్లె. ట్రాలీ ఆటో మీద పిండి గిర్ని బిగించుకుని అడవి అంచున ఉన్న మూడు ఊళ్లకు తిప్పుతుంటాం. కారమో, పసుపో, జొన్నలో, ఎవరేం తెస్తే అది పట్టిస్తాం. ఊరికొక ఇంటివాళ్లు మాకు కరెంటు ఇస్తారు. ఆ ఇంటి బోర్డు నుంచి బండి దాకా పొడుగాటి వైరు వేసి, చివర్లు ఒలిచి, సాకెట్ రంధ్రాల్లో దోపి, జారకుండా చీపురుపుల్లలు కుక్కేవాళ్లం. చుట్టుపక్కల ఎక్కడ చూసినా ఇదే పద్ధతి కాబట్టి మేమూ సిగ్గుపడలేదు.

పోయిన వానాకాలం తడి చేత్తో ఆ పుల్ల సర్దబోయి షాక్ తిన్నాను. ఎగిరి వాకిట్లో పడ్డాను. దెబ్బ పెద్దదేం కాదు. కానీ ఆ తర్వాత వైరు దగ్గరికి పోతే చాలు, మోచేతి కింద చెయ్యి నాది కానట్టు వణికేది. ఆటో నేనే నడుపుతాను, గిర్ని నేనే చూసుకుంటాను, కొట్లాటలూ నావే. వైరు పెట్టడానికి మాత్రం మా ఆయన వెంట రావాల్సిందే. ఎండాకాలంలో ఆయన మిర్చి కల్లం వదిలి రాలేడు. అంటే ఊరంతా కారం పట్టించుకునే నెలల్లోనే మా గిర్ని ఆగిపోవాలి. ఒకరోజు అన్నం తింటూ, "అమ్మేద్దాం తియ్" అన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆ బండి మీద కూర్చుంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో ఆయనకు తెలియక కాదు, నా చెయ్యి వణకడం చూడలేక అన్నాడు.

నాకేం కావాలో నాకు తెలుసు. ఆ మూడు ఇళ్ల గోడలకూ తలో ఇనుప డబ్బా, దాని రేకుకు రంధ్రం కోసి స్క్రూలతో బిగించే గట్టి సాకెట్. బండి నుంచి వచ్చే వైరు కొసకు దానికి జోడు. ఒలిచిన వైరు చేతికి తగలకూడదు. సాన్పి నీళ్లు పడ్డా ఏమీ కాకూడదు.

ఈ సాన్పి సంగతే ఖమ్మం దుకాణాల వాళ్ల తలకెక్కలేదు. మాకు కరెంటు ఇచ్చే గోడలు మూడూ వాకిట్లోనే ఉన్నాయి. తెల్లారగానే ఆ ఇంటి ఆడవాళ్లు బకెట్లో పేడ కలిపి వాకిలంతా కళ్లాపి చల్లుతారు. వాన పైనుంచి పడుతుంది, సాన్పి కింది నుంచి ఎగురుతుంది. ఒకాయన "ఫుల్ వాటర్‌ప్రూఫ్ మేడం" అంటూ పైన చిన్న చూరులాంటి మూత ఉన్న సాకెట్ చూపించాడు. నేను కింది నుంచి ఊదితే మూత లేచి టపటపలాడింది. ఇంకొకాయన నేను అడిగిన ప్రతిదానికీ వెంట వచ్చిన మా ఆయన మొహం చూసి జవాబు చెప్పాడు. మా ఆయన పాపం నా మొహం చూశాడు.

చివరికి ఒక సందులో, ఇద్దరు నిలబడితే నిండిపోయే దుకాణంలో, తెల్లగడ్డం చాచా దొరికాడు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "గోడలకు మూడు, ఇత్తడి పుల్లలు బయటికున్నయి ఇయ్యి చాచా. బండికి రంధ్రాలున్నది ఒకటి."

"కరెంట్ ఎటు నుంచి ఎటు వస్తది బేటీ?"

"గోడ నుంచి బండికి."

"అయితే ఇయ్య."

పొద్దుటి నుంచి దాచిపెట్టుకున్న కోపమంతా ఆయన మీద కుమ్మరించాను. కొనే నాకు లేని భయం అమ్మేటోళ్లకెందుకని ఒంటికాలి మీద లేచాను. మా ఆయన చాయ్ తెస్తానని జారుకున్నాడు. చాచా అంతా విని, "గోడకు పుల్లలే ఎందుకు కావాలె? గది చెప్పు" అన్నాడు.

అందులో చెప్పేదేముంది? నల్లా మూతి బయటికి ఉంటుంది, పైపు దానికి తొడుగుతాం. నీళ్లు ఇచ్చేది ముందుకు వస్తుంది, తీసుకునేది మీద ఎక్కుతుంది. పుట్టిన దగ్గర నుంచీ చేలో, ఇంట్లో చూసిందదే. కరెంటూ అంతే కదా అన్నాను.

ఆయన నవ్వలేదు. పుల్లలున్న ముక్క తీసి బల్ల మీద నిలబెట్టాడు. "ఇది గోడ అనుకో. పని అయిపోయింది, వైరు గుంజి ఇంటికి పోయినవ్. స్విచ్ బంద్ చేసుడు మర్చినవ్. పొద్దుగాల ఆ ఇంటామె సాన్పి చల్లుకుంట వచ్చి, తడి చెయ్యి గీడ పెట్టింది. ఏమైతది?"

నేను నాలుక కరుచుకున్నాను.

"నీళ్లు బయటికొస్తే కనబడతయి బేటీ, కరెంట్ కనబడదు. ఇచ్చేది లోపల దాచుకోవాలె. తీసుకునేది ముందట్కి రావాలె. రంధ్రాలు గోడకు, పుల్లలు బండికి."

సాన్పి గురించి ఆయనకెలా తెలుసని అడిగాను. "మా పక్కింటామె రోజూ చల్లుతది. సగం మా గడప మీదనే పడతది" అన్నాడు.

అటక మీద నుంచి నీలం రంగు సాకెట్లు దించి దుమ్ము దులిపాడు. గుండ్రంగా, అరచేయంత ఉన్నాయి. మూత లోపల రబ్బరు, మూత చుట్టూ తిప్పి బిగించే రింగు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. నా మొహం చూసి, ఆయన ఒక సాకెట్ వెనక భాగానికి ప్లాస్టిక్ సంచి గట్టిగా కట్టి, లోపల పేపరు ముక్క పెట్టి, మూత బిగించి బకెట్లో ముంచాడు. మా ఆయన తెచ్చిన చాయ్ ముగ్గురం తాగినంతసేపూ అది నీళ్లలోనే ఉంది. తీసి తుడిచి మూత తెరిస్తే పేపరు ముక్క అప్పడంలా కరకరలాడింది. నాకు పట్టరాని ఆనందమేసి ఆ ముక్కను పర్సులో దాచుకున్నాను.

వైరింగ్ మేస్త్రీతో అన్నీ బిగించుకుని, కారాల రోజులు మొదలైన వారంలో ఒంటరిగా బయల్దేరాను. మొదటి ఊళ్లో మాకు కరెంటు ఇచ్చేది ఒక కోయ అవ్వ. నేను ఆటో ఆపేసరికి సాన్పి చల్లుతోంది. డబ్బా పెట్టిన రోజు నుంచి దాని కింద బారెడు మేర చల్లడం మానేసిందట. వాకిలంతా పచ్చగా ఉండి అక్కడొక్కచోట ఎండిపోయి ఉంది. ఆమెకది నచ్చలేదని చూస్తేనే తెలుస్తోంది.

"గీడ గూడ చల్లొచ్చా బిడ్డా?"

"చల్లు అవ్వా, ఏం కాదు."

బకెట్లో మిగిలిందంతా ఎత్తి సూటిగా డబ్బా మీదికి విసిరింది. నీలం మూత మీద నుంచి పేడనీళ్లు కారుతున్నాయి.

"వాకిట్ల చల్లమన్న అవ్వా, డబ్బా మీద గాదు."

"మరెట్ల తెలుస్తది?" అంది.

పొడిగుడ్డతో డబ్బా తుడిచాను. స్విచ్ బంద్ చేసి ఉందో లేదో రెండుసార్లు చూశాను. రింగు తిప్పి మూత తీస్తే లోపల చుక్క తడి లేదు. అంతా చాచా చెప్పినట్టే ఉంది. వైరు కొస ఎత్తాను. చెయ్యి వణకడం మొదలైంది.

అవ్వ చూసింది. "భయమైతుందా?"

"అవ్."

బకెట్ పక్కన పెట్టి, చేతులు చీరకు బాగా తుడుచుకుని వచ్చి నా ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుంది. "కానీయ్. పోతే ఇద్దరం పోదాం."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే పెట్టేశాను. రింగు తిప్పితే టక్కుమని బిగిసింది. స్విచ్ వేశాను. బండి మీద మోటారు గుర్రుమంది. నా చెయ్యి నాకే ఉంది. అవ్వ నన్నూ, బండినీ మార్చి మార్చి చూసింది.

మొదట అవ్వ మిరపకాయలే పట్టాను. ఘాటుకు ఇద్దరం తుమ్మీ తుమ్మీ ముక్కులు ఎర్రబడ్డాయి. కళ్లు తుడుచుకుంటుంటే అది కారమో ఏడుపో నాకే తెలియలేదు, కానీ చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది. అప్పటికే మిరపకాయల డబ్బాలు నెత్తిన పెట్టుకుని నలుగురైదుగురు వచ్చి నిలబడ్డారు.

"బంద్ చేసి ఇంకోపారి పెట్టు, చూస్తా" అంది అవ్వ.

స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, మళ్లీ పెట్టాను. ఈసారి నన్ను పట్టుకునేవాళ్లు లేరు, అవ్వ రెండు చేతులూ కారం గిన్నె మీదే ఉన్నాయి.