సముద్రం – ఒకటి

పోయిన శనివారం అజీజ్‌నగర్ కాడ ఒక రిసార్టుల నాతోని నీలం రంగు షర్బతు తాగిపిచ్చిండ్రు. బట్టలకు పెట్టే నీలిమందుల పుదీనాకు ముంచి, దాని నెత్తి మీద కాగితం గొడుగు గుచ్చితే ఎట్లుంటదో గట్లనే ఉన్నది. మా ఆఫీసుల రెండేండ్ల లోపల రిటైరయ్యేటోళ్లందరినీ వ్యాన్ల ఏసుకొని, రిటైరైనంక ఆనందంగ ఎట్ల బతకాల్నో నేర్పుతమని తోలుకపోయిండ్రు. ఇరవై ముగ్గురం పోయినం. అందరివి కలిపి లెక్కేస్తే సక్కగ పనిచేసే మోకాళ్లు ఏడో ఎనిమిదో ఉంటయి. శిక్షణ ఇచ్చే పిల్లకు పాతికేండ్లు కూడా లేవు. మూడు గంటలు నవ్విన నవ్వు దించలేదు. దవడలు పట్టుకుపోతయేమో అని నాకే ఫికరైంది. తలా ఒక గులాబి రంగు కాగితం, ఒక స్కెచ్ పెన్ను చేతుల పెట్టి, "అంకుల్స్, ఆంటీస్, ఇది మీ బకెట్ లిస్ట్! చనిపోయేలోపు చెయ్యాలనుకున్నవన్నీ మనసు విప్పి రాసెయ్యండి" అన్నది. కాగితం నాలుగు మూలల బెలూన్ల బొమ్మలు. బెలూన్లు చూపిచ్చి చావు సంగతి అడిగినోళ్లను నా జన్మల గదే మొదటిసారి చూసుడు.

నా పక్కన కూసున్న అకౌంట్ల సారు ఆఫీసు మెట్లు పన్నెండు ఎక్కెటాలకు పదమూడుసార్లు దేవుణ్ని తలుస్తడు. ఆయన 'పర్వతారోహణ' అని రాసి, కింద రెండు గీతలు కొట్టిండు. ఎదురుంగ ఉన్న మేడం 'పారాషూట్' అని రాసి, నేనేం రాసిన్నో అని పరీక్షల కాపీ కొట్టే పిల్ల లెక్క నా కాగితంలకు తొంగి చూసింది. నేను మూతి తిప్పుకున్న. తిప్పుకున్నది షర్బతుకా, పర్వతానికా అని ఆలోచిస్తుండంగనే, భోజనం బల్ల మీద అరచేతిల పట్టేంత రాగి బకెట్ తెచ్చి పెట్టిండ్రు. దానికొక పిడి, లోపల పప్పు. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, మా బావ వచ్చి నా కండ్ల ముందల నిలబడ్డడు.

మా బావంటే మా అక్క మొగడు. మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్ల ఇల్లు, చేవెళ్లల పిల్లల హాస్టల్ల వంట కొలువు. ముప్ఫై నాలుగేండ్లు తెల్లారగట్ల నాలుగింటికి లేచి, దొరికిన బండి పట్టుకొని పోయి, పడవ తెడ్డంత గంటె తోని గంగాళంల పప్పు తిప్పిండు. ఆయన వండిన పప్పంతా ఒక్కతాన పోస్తే, చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాక రోడ్డు మునిగిపోయి షేర్ ఆటోల జాగల పడవలు నడుస్తుండె. ఆయన అంగీ ఎన్నిసార్లు ఉతికినా పప్పు వాసనే, తలకు ఏ నూనె పెట్టినా పప్పు వాసనే. మా పెండ్లిల ఎవరో ఆయన మీద అత్తరు జల్లితే, పాపం, అత్తరే పప్పు వాసన కొట్టుడు మొదలువెట్టింది. పప్పంటే ఆయనకు అసయ్యం. పప్పు పేరు తీస్తే మొకం అటు తిప్పుకొని, పెదవులు గట్టిగ మూసుకొని, పసిపిల్లగానికి ఆముదం చూపిచ్చినట్టు చేస్తుండె.

బావ పెద్దగ చదువుకోలేదు. జన్మల ఆయన రాసిందొక్కటే – ఇండెంటు. నెలకొకసారి హాస్టల్‌కు కావాల్సిన సరుకు పేరు, పక్కన ఎంత, ఆఖరు గడిల 'బదులు', అంటే అడిగింది లేకుంటే వచ్చిన సరుకు. ఈ బదులు గడిలనే ఉన్నది ఆయన బతుకంత. వంకాయ రాసిస్తే సొరకాయ వచ్చేది. బెండకాయ రాసిస్తే సొరకాయ వచ్చేది. ఒకసారి ఉపాయం చేసి సొరకాయే రాసిస్తే, అప్పుడు కూడా సొరకాయే వచ్చింది, గాని ముదురుది. బావ తూ అని ఒకసారి మూలకు ఉమ్మి, బదులు గడిల 'వచ్చినది' అని సంతకం పెడుతుండె.

రిటైరైన దినం శాలువ కప్పిండ్రు, గోడ గడియారం ఇచ్చిండ్రు. వార్డెన్ సారు మైకుల "ఇగ నుంచి నీ కోసం బతుకు. ఏమేం చెయ్యాలనుకున్నవో రాసిపెట్టుకో" అన్నడు. అందరి సంగతేమో గాని, మా బావ దాన్ని ఆర్డరనుకున్నడు. ఇంట్ల మిగిలిన ఇండెంటు కాగితం ఒకటి తీసి, ఒక దినమంత పెన్ను కొరుక్కుంట కూసొని రాసిండు. మడిచి అంగీ జేబుల పెట్టుకున్నడు. అది ఆ జేబులనే ఉన్నా బాగుండు.

ఇక్కడ మా సంఘం సంగతి జర చెప్పాలె. మాది తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. మా చర్చిల నెల ఆఖరి ఐతారం ప్రార్థన చీటీలు చదువుతరు. గడప కాడ బిస్కెట్ల డబ్బకు సందు కోసి పెట్టి ఉంటది. ఎవరి కష్టం వాళ్లు చీటీల రాసి అండ్ల ఏస్తరు. పాస్టరయ్య ఒక్కొక్కటి చదువుతడు, సంఘమంత కండ్లు మూసుకొని ఆమెన్ అంటది. ఆమెన్ అన్నోళ్లు ఊకె అని పోతే కుదరదు. ఆ పనికి చెయ్యి కూడా పెట్టాలె. ఇది మా ఊరి పాత కట్టు. జొరమని చీటీ వస్తే దవాఖానకు తోలుకపోయేది ఆమెన్ అన్నోళ్లే, ఇల్లు కురుస్తున్నదంటే రేకులెక్కేది వాళ్లే.

ఆ నెల మా అక్క తన మోకాళ్ల నొప్పుల కోసం చీటీ రాసి, తన కొంగున ఉంటే పోతదని బావ జేబుల పెట్టింది. చర్చి కాడ అదే జేబుల చెయ్యి పెట్టి తీసి డబ్బల ఏసింది. కండ్లద్దాలు ఇంటికాడ మరిచింది. డబ్బల పడ్డది మోకాళ్లు కాదు.

పాస్టరయ్య కొత్తాయన. చదువుడు మొదలువెడితే ఇగ స్టేషన్ వచ్చేదాక ఆగని రైలు. "నిద్ర – పొద్దెక్కేదాక – రోజూ" అని చదివిండు. సంఘం ఆమెన్ అన్నది. "పప్పు – నిల్." ముందల కూసున్న పిల్లలు అందరికన్న గట్టిగ ఆమెన్ అన్నరు. "సముద్రం – ఒకటి." ఈసారి పాస్టరయ్య గొంతు జర తడబడ్డది గాని రైలు ఆగలేదు; నేను కూడా ఊపుల ఆమెన్ అన్న. "పెద్ద హోటల్ల కుర్చీల కూసొని, వేరేటోళ్లు వండినది తినుడు – ఒక పూట." ఆమెన్. "ఇంట్ల మాటా ముచ్చట లేకుంట, సప్పుడు లేకుంట కూసునుడు – ఒక దినం." ఆమెన్. మొగోళ్ల దిక్కు బావ లేచి చేతులు ఊపుతున్నడు గాని, అందరి కండ్లు మూసుకొని ఉంటే ఎవరు చూస్తరు? "ఇంటామె వంట – నిల్. ముప్ఫై నాలుగేండ్లు ఐతారం ఐతారం తిన్నది చాలు."

ఆ చివరి దానికి చర్చిలందరికన్న ముందల, భక్తితోని, గట్టిగ ఆమెన్ అన్నది మా అక్కనే. అన్నంక కండ్లు తెరిచింది.

దోవ పొంటి అక్క బావకన్న పది అడుగులు ముందలనే నడిచింది. ఇంటికి పోయి చెప్పులు విడుస్తూ, "నా వంట నిల్ అంటివి గద. నిల్లే" అన్నది. గదే ఆఖరు మాట. ఆ పూట నుంచి తనకొక్కదానికే గుప్పెడు బియ్యం వండుకున్నది, మొకం గోడ దిక్కు పెట్టుకొని తిన్నది.

ఇగ ఆమెన్ అన్నోళ్లంత పనిలకు దిగిండ్రు. బావకు ముప్ఫై నాలుగేండ్ల అలవాటు; మూడున్నరకే మెలకువ వస్తది. కాని బయట ఇద్దరు సంఘ పెద్దలు కుర్చీలేసుకొని కావలి కూసున్నరు. దోవల పోయేటోళ్లను "ష్! అన్న పండుకున్నడు" అని గదమాయిస్తున్నరు. చుట్టుపక్కల కోళ్లను ఇంకో వాడకు తరలించిండ్రు. వాళ్లు గింత కష్టపడి కావలి కాస్తుంటే బావ మెలకువగ ఉన్ననని ఎట్ల చెప్తడు? కండ్లు గట్టిగ మూసుకొని, చెమటలు కక్కుకుంట, ఒంటికి పోవాల్సిన పని కూడా ఆపుకొని ఏడింటి దాక పండినట్టు నటించిండు. తిండికి వంతులేసుకున్నరు. పప్పు నిల్ గద, పోటీలు పడి ఒకరు బోటి, ఒకరు తలకాయ కూర, ఇంకొకరు మల్ల బోటి. మూడో వారానికి గిన్నె మూత తీస్తేనే బావకు వాంతికొచ్చింది.

హోటల్ పూట కూడా తీర్చిండ్రు. ఒక సంఘ పెద్ద కొడుకు గీ అజీజ్‌నగర్ రిసార్టులనే తోటమాలి. మేనేజర్‌ను బతిమాలి ఒక బల్ల ఇప్పిచ్చిండు. బావ ఇస్త్రీ అంగీ ఏసుకొని పోయి, రాజు లెక్క కూసున్నడు. వాళ్లు వంగి వంగి తెచ్చి పెట్టింది గీ రాగి బకెట్టే. అండ్ల పప్పు. బావ ఏలు ముంచి నాలిక మీద పెట్టుకొని, "ఎల్లిపాయ మాడ్చిండు. వండినోన్ని పిలువుండ్రి" అన్నడు. వచ్చిన పిల్లగాడు చేవెళ్ల హాస్టల్ల బావ చేతి పప్పు తిని పెరిగినోడే. "మీ తాన నేర్చుకున్నదే పెద్దాయన" అని కాళ్లు మొక్కిండు. బావ ఇగ ఏమంటడు? కండ్లు మూసుకొని బకెటంత తాగిండు.

మిగిలింది సముద్రం. ఒక ఐతారం పొద్దుగాల నలభై మందిమి లారీ ఎక్కినం. ఆమెన్ అన్న పాపానికి నేను కూడా. తీసుకపోయి గండిపేట చెరువు గట్టు మీద దించిండ్రు. "అన్నా, సముద్రం ఇక్కడ దొరకలే. బదులు" అన్నడు సంఘ పెద్ద, తలకాయ గోక్కుంట. బావ చూసిండు. ఒడ్డుకు తిని పారేసిన ప్లేట్లు, ఎవరిదో పుట్టినరోజు కేకు డబ్బ, ఒంటి చెప్పు, నోరు తెరిచి చచ్చిన చేప.

"సముద్రానికి అవతలి గట్టు కనవడతదారా?" అని అడిగిండు.

"ఉంటదన్న. ఇది జర దగ్గరికి కట్టిండ్రు."

బావ తూ అని ఒక పక్కకు ఉమ్మి, అలవాటు మీద జేబుల పెన్ను తడుముకున్నడు, సంతకం పెట్టనీకె.

ఆ మాపటిజాము మొయినాబాద్ల హోటల్ కాడ చాయ్ తాగుకుంట నా దిక్కు తిరిగిండు. మనిషి చిక్కి సగమైండు. "బామ్మర్ది, ఊకె ఉండుడు ఒక దినం అడిగిన. మీ అక్క నెలంత సప్లై చేసింది. వాపస్ తీసుకుంటలేదు."

"మాఫీ అడుగు బావా. నీ వంట మంచిగుంటదని ఒక్క మాట అను, అయిపోతది."

"గట్ల అబద్ధమెట్ల చెప్తర్రా? నేను వంటోన్ని." చాయ్ పక్కకు పెట్టిండు. "ఆమె కూర బాగుండదు. అది ఏరే ముచ్చట. ఆమె నాతోని మాట్లాడాలె, ఇది ఏరే. ఇంట్ల గడియారం కొట్టుడు ఇనవడుతున్నదిర నాకు. గట్ల ఇనవడితే మనిషి ఎక్కువ దినాలు బతకడు."

"మరి అడుగు."

"నాకు ఇండెంటు రాసుడే వస్తది."

"గదే రాయి" అన్న.

మళ్ల నెలాఖరు ఐతారం వచ్చింది. పాస్టరయ్య చీటీ విప్పిండు, ఒకసారి కండ్లద్దాలు సదురుకున్నడు. "మాట – ఒకటి. అర్జంటు. బదులు వద్దు."

ఆ దినం కండ్లు మూసుకున్నోళ్లు ఎవరూ లేరు. ఆమెన్ అన్నోళ్లే చెయ్యాలె గద. ఈ పని మా ఎవరి చేతులది కాదు. సంఘమంత మెడలు తిప్పి, ఆడోళ్ల దిక్కు జంపఖానా మీద కాళ్లు చాపుకొని కూసున్న మా అక్కను చూసిండ్రు. బావ మాత్రం చూడలేదు. తన అరచేతులు చూసుకుంట నిలబడ్డడు. మోచేతుల దాక కాలిన మచ్చలు.

అక్క కొంగు సదురుకున్నది. "ఆమెన్" అన్నది. అని ఊకోలేదు. "ఇంటికాడ పప్పు తప్ప ఏం లేదు. తింటవా?"

"తింట" అన్నడు బావ.

"ఉప్పు ఎక్కువైతే?"

"ఎక్కువైందని అంట."

"అను, చూస్త" అన్నది అక్క. పాస్టరయ్య ఇంకా ముగింపు ప్రార్థన చెయ్యక ముందే సంఘమంత నవ్వింది.

గీ ముచ్చట జరిగి తొమ్మిదేండ్లు. ఇప్పుడు దినాం అక్క వండుతది, బావ తిని వంక పెడతడు, ఆమె తిడతది, గడియారం సప్పుడు ఇనవడదు. పాస్టరయ్య తిరిగిచ్చిన ఆ ఇండెంటు కాగితం అక్క బైబిల్ల ఉన్నది. మొన్న పోయినప్పుడు చూసిన. అన్నిటి మీద గీత కొట్టి ఉన్నది, ఒక్కదాని మీద తప్ప. దాని పక్కన బదులు గడిల బావ రాత – 'గండిపేట వచ్చినది. తీసుకోలేదు.' ముప్ఫై నాలుగేండ్ల కొలువు కూడా కలుపుకొని మా బావ వాపస్ చేసిన సరుకు అదొక్కటే.

ఆ దినం సముద్రానికి ఆమెన్ అన్నోళ్లల్ల నేనున్న. బావను తోలుకపోదమంటే ఒక ఏడు లీవు దొరకలే, ఒక ఏడు ఎండలన్న, ఇంకో ఏడు వానలన్న. తొమ్మిదేండ్లు గిట్ల సొరకాయలే పంపిన బావకు. ఆ రిసార్టుల కూసొని నీలం షర్బతును, పర్వతాన్ని, పారాషూట్‌ను చూసి మూతి తిప్పుకుంటున్న గాని, నిజానికి మూతి తిప్పుకోవాల్సింది నన్ను చూసుకునే.

స్కెచ్ పెన్ను మూత తీసి, బెలూన్ల నడుమ రాసిన: 'సముద్రం – ఒకటి. మనుషులు – ముగ్గురు. అర్జంటు. బదులు వద్దు.'

నవ్వుల పిల్ల వచ్చి వంగి చూసింది. "ఒక్కటేనా అంకుల్? ఇంకా చాలా టైముంది కదా, ఆలోచించండి."

బావకు డెబ్బై దగ్గరికొచ్చినయి, అక్క ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్నది. టైము చాలనే ఉన్నది, సముద్రానికి. అది ఎక్కడికీ పోదు; పోయేటోళ్లం మేమే.