వాసన లేని మందు

మా గోబీ తోట ఆ ఏడు పురుగు నుంచి ఎలా బయటపడిందో ఇంతవరకు నన్ను ఒక్కరూ అడగలేదు. బేరగాళ్లయినా చుట్టాలయినా మా పెద్దన్ననే అడుగుతారు. పొలం ఇద్దరిదీ. నోరు మాత్రం ఆయనది.

బొంగులూరు దిక్కు చేన్లన్నీ అప్పటికే ప్లాట్లవుతున్నాయి. ఈ పంట కూడా పోతే మన చెలకా అమ్మేద్దామని అన్న తేల్చి చెప్పాడు. అంతలోనే గోబీకి పచ్చపురుగు పట్టింది.

నేను ఒక శిక్షణలో విని, బ్యాక్టీరియాతో చేసిన పొడి తెచ్చాను. పురుగు దాన్ని ఆకుతో పాటు తింటేనే పనిచేస్తుంది. ఎండకు బలం పోతుందని పొద్దుగూకే వేళ నీళ్లలో కలిపి కొట్టాను. అన్న వాసన చూసి మూతి విరిచాడు. మా దగ్గర మందంటే కళ్లు మండాలి, కొట్టిన పూటే పురుగు రాలాలి.

తెల్లారి చూస్తే పురుగులు ఆకుల మీదే ఉన్నాయి. చాయ్ హోటల్లో నలుగురి ముందర అన్న అన్నాడు:

"మావోడు పురుగులకు మందు పోసిండు. తాగి పన్నయ్, లేపకుండ్రి."

ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

అక్కడి నుంచి అన్న నేరుగా ఇంటికి పోయి, ఘాటు మందు నింపిన ట్యాంకు భుజానికేసుకుని చేనుకు వచ్చాడు. నేను సాలుకు అడ్డంగా నిలబడ్డాను.

"పురుగును గాదన్నా, ఆకును చూడు. అన్నీ నిన్నటి బొక్కలే. కొత్తది ఒక్కటన్న ఉన్నదా?"

ఆయన వంగి ఒక్కో ఆకూ తిప్పి చూశాడు. ఒక పురుగును పుల్లతో పొడిచాడు. అది కదిలింది గానీ నోరు ఆడించలేదు. అన్న ట్యాంకు దించాడు. రెండు మూడు రోజుల్లో పురుగులు నల్లబడి ఆకులకే వేలాడాయి. పువ్వు తెల్లగా, గట్టిగా వచ్చింది.

ఇప్పుడు హాయిగానే ఉన్నాం. చెలక మా చేతిలోనే ఉంది. గట్టు మీది పూలకు తేనెటీగలు వస్తున్నాయి. చిన్న పురుగు కనబడితే అన్నే ఆ పొడి కలుపుతాడు, ఎప్పుడు కొడదామని నన్నే అడుగుతాడు. కానీ ఎవరైనా ఆ ఏటి సంగతి ఎత్తితే, గట్టి వాన పడి పురుగంతా కొట్టుకుపోయిందని చెబుతాడు.

అన్నా, నువ్వు చదువుతావనే రాస్తున్నాను. ఆ వారమంతా మనం బోరు నీళ్లే పారించాం. వాన పడి ఉంటే ముందు నా పొడే కొట్టుకుపోయేది. ఆ వాన ఏ రాత్రి పడిందో ఇప్పుడైనా చెప్పు.